అబ్బా ఎప్పుడు లావయ్యారు?

జమ్మలమడుగులో మా మొహల్లా మసీదుకు అబ్బా మౌజన్. ఆయన ఇంతెకాల్ అయిన పదిహేడో రోజు సదర్ సాబ్ ప్రొద్దుటూరుకు ఫోన్ చేశారు.

"బేటా, కెమెరాల డబ్బా పోయినట్టుంది. టీవీలో ఏమీ రావట్లేదు. మెకానిక్ ఫార్మాట్ కొట్టాలంటున్నాడు."

నా గుండె జారింది. అబ్బా ఆఖరి ఫజర్ ఆ డబ్బాలోనే ఉంది.

పులివెందుల నుంచి ఫుప్పు వచ్చేసరికి దఫన్ అయిపోయింది. అన్న ఆఖరి దీదార్ దక్కలేదని జియారత్ నాడు నన్ను పట్టుకుని ఏడ్చింది. అమ్మీ ఇద్దత్‌లో ఉంది, గడప దాటదు. ఇద్దరికీ ఆ వీడియో చూపిస్తానని వాదా చేసి, పేపర్ పనుల్లో పడి మర్చిపోయాను. మసీదు డబ్బాలో రికార్డింగు ఇరవై రోజులే నిలుస్తుంది. డిస్కు నిండాక పాతదాన్ని చెరిపేసి అక్కడే కొత్తది రాసుకుంటుంది. ఇంక మూడు రోజులే మిగిలాయి.

"దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దండి" అని చెప్పి బైకెక్కాను.

వెళ్లి చూస్తే డబ్బా మీద లైట్లు ఆడుతూనే ఉన్నాయి. పాత మానిటర్ కాలిపోతే ఎవరో ఇంట్లో మూలకు పడున్న హెచ్‌డీ రెడీ టీవీ తెచ్చిచ్చారట. తెర మీద 'మోడ్ నాట్ సపోర్టెడ్' అని ఒక్క ముక్క. నాకు డిగ్రీ మొదటి రోజు యాదొచ్చింది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి తెలుగు క్లాసులో కూర్చున్నాను. లెక్చరర్ సంధులు చెప్పుకుపోతున్నారు. నా ముఖమూ అప్పుడు ఆ తెర లాగే ఉండి ఉంటుంది.

హెచ్‌డీఎంఐ వైరు తగిలించగానే టీవీ తనకు ఏయే సైజు తస్వీర్లు వచ్చో డబ్బాకు చెప్పుకుంటుంది. ఆ చిట్టాను ఈడీఐడీ అంటారు. కానీ పాత మానిటర్ కోసం ఎవరో ఈ డబ్బాను 1920×1080 మీద బిగించి పెట్టారు. అది టీవీ మాట వినదు, ఆ పాత టీవీకి అంత పెద్దది మింగుడు పడదు. రికార్డింగుకూ దీనికీ తాల్లుక్ లేదు. తెరకు పంపే సైజు ఎంత మార్చినా డిస్కులో ఉన్నది చెక్కుచెదరదు. ఈ మాట సదర్ సాబ్‌కు మూడుసార్లు ఖసమ్ తిని చెప్పాల్సి వచ్చింది.

తెర మీద మెనూయే కనబడకపోతే సెట్టింగు మార్చేదెట్లా? కెమెరాలన్నీ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి కాబట్టి లాప్‌టాప్‌ను రౌటర్‌కు తగిలించి, బ్రౌజర్లో డబ్బా ఐపీ అడ్రస్ కొట్టి లోపలికెళ్లాను. ఆ టీవీ తెర అసలు కొలత 1366×768. అది లిస్టులో లేదు. చాలా యంత్రాలు వెడల్పును ఎనిమిదుల్లో లెక్కేస్తాయి, 1366 ఎనిమిదితో తెగదు. అన్నిటికీ పనికొచ్చేదని 1024×768 పెట్టాను. బొమ్మ వచ్చింది! వెతికి, ఫోన్‌తో తెర ఫొటో తీసి అమ్మీకి పంపాను.

వెంటనే ఫోన్. "ఇత్తే మోటే కబ్ హుయే రే తుమారే అబ్బా?"

చూస్తే నిజమే. పొట్టి బొమ్మను వెడల్పు తెర నిండా సాగదీసింది టీవీ. ఎండుపుల్ల లాంటి మనిషికి బుగ్గలొచ్చాయి. చాలా రోజుల తర్వాత అమ్మీ నవ్వింది.

1280×720 పెడితే మనిషి కుదిరాడు గానీ అంచులు తెగి, పైన తారీఖు ఎగిరిపోయింది. పిక్చర్ ట్యూబుల కాలం నుంచీ టీవీలకు అంచులు కోసే ఆదత్ ఉంది. టీవీ మెనూలోనే అది ఆపేస్తే తారీఖు బయటపడింది. ఆ రోజే, ఆ ఫజరే. పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నాను.

అమ్మీకి ఆ సాయంత్రమే చూపించాను. మరుసటి రోజు ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్లాను. మసీదు కెమెరాలకు మైకుల్లేవు, ఆవాజ్ ఉండదని ఫుప్పుకు ముందే చెప్పాను. సరేలే అంది. లాప్‌టాప్‌లో అబ్బా మెల్లగా నడిచొచ్చి, టోపీ సర్దుకుని, మైకు ముందు నిలబడి రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకున్నారు.

ఫుప్పు గబుక్కున దుపట్టా తల మీదికి లాక్కుంది.