పైపొర చూచి పేరు పెట్టకుము

మా అమీన్‌పూర్‌కు చేరువలో, 1972లో స్థాపించబడిన పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రములో ఎర్రనేల, నల్లరేగడి రెండును ఉన్నవి. కురియు వాన ఒకటే. ఎర్రనేల నీటిని త్వరగా వదలును; రేగడి పట్టి ఉంచును, వేసవిలో నెర్రెలు విచ్చును. నేలను వర్గీకరించువారు పైపొర చూచి పేరు పెట్టరు. నిలువుగా గుంట త్రవ్వి, ఒక్కొక్క పొర రంగును, బంకను పరీక్షింతురు. అదియు తృణీకరించుటకు కాదు, దేనికి ఏ సేద్యము తగునో తెలిసికొనుటకే.

ప్రియులారా, మత్తయి 13వ అధ్యాయములో విత్తువాని ఉపమానము చదివి, గుడికి రాని పొరుగువానిని రాతినేల అనుచున్నామా? ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి ఆదివారము నిద్రించువాడేమో! వాని యింటికి వెళ్లి, కూర్చుండి, విందము. ప్రభువు మనకు ఆ ఓర్పు దయచేయును గాక. ఆమేన్.