పది అడుగుల దూరం

అమెరికాలో ఇంటి పెరట్లో కోళ్లు పెంచుకోవచ్చంటే మనవాళ్లు చాలామంది నమ్మరు. సియాటిల్‌లో పెంచుకోవచ్చు. ఆ ఊరికి పెరటి సాగు మీద మమకారం పాతది. 1973 నుంచి పీ-ప్యాచ్ పేరుతో జనానికి కూరగాయల మడులు ఇస్తూ వస్తున్నారు. 2007లో చిన్నజాతి మేకలకు అనుమతి ఇచ్చారు. 2010ని పట్టణ సేద్య సంవత్సరంగా ప్రకటించి, అప్పటిదాకా ఇంటికి మూడు కోళ్లు అని ఉన్న నిబంధనను ఎనిమిదికి పెంచారు. పెరట్లో పండించింది ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చన్నారు. కొత్తగా పుంజును మాత్రం తేకూడదన్నారు. కోళ్లగూడు పక్కింటికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలన్నారు.

నా తప్పు ఆ పది అడుగుల దగ్గర జరిగింది.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు పొద్దున్నే గంప ఎత్తి కోళ్లను వదలడం నా పని. సియాటిల్‌లో ఇల్లు కొనుక్కున్నాక, మొదటి వసంతంలోనే దాణా కొట్టుకి వెళ్లి ఎనిమిది పిల్లల్ని తెచ్చేశాను. గూడు ఎక్కడ కట్టాలన్న దానికి నిబంధన కాగితం మీద అచ్చేసుకుని, కొలత టేపు ఒక చివర మా ఆవిడ చేతికిచ్చి, పక్కింటి గోడ నుంచి కొలిచాను. వెనక మూలన పదకొండడుగులు వచ్చింది. అడుగు ఎక్కువే వదిలానని ఎంత తృప్తిపడ్డానో! దేవదారు పలకలతో గూడు కట్టి, తలుపుకి ఎర్రరంగు వేసి, ఫొటోలు తీసి ఇంటికి పంపాను. అమ్మ చూసి మురిసిపోయింది.

ఆ ఎనిమిది పిల్లల్లో ఒకటి పుంజు అయింది. పిల్లలుగా ఉన్నప్పుడు పెట్ట, పుంజు తేడా చూసి చెప్పేవాళ్లకి కూడా ఒక్కోసారి తప్పుతుంది. నాలుగైదు నెలలకి అది తెల్లవారుజామునే కూత మొదలుపెట్టింది. వెంటనే పంపేయాలని తెలుసు. ఆ కూత వింటుంటే మా ఊరు కళ్లముందుకొచ్చేది, పంపలేకపోయాను. రాత్రిళ్లు అట్టపెట్టెలో పెట్టి గరాజులో దాచాను. చివరికి ఊరి బయట పొలం ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. చట్టం మీరానన్న బెరుకు ఆ కొన్ని వారాలూ పీకింది. పుంజు పోవడంతో ఆ బెరుకూ పోయింది. ఏడు పెట్టలు, పదకొండడుగులు, అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి. ఇక నన్ను అడిగేవాళ్లు లేరనుకున్నాను.

నిజంగానే ఎవరూ అడగలేదు. నన్ను దారి తప్పించింది అదే. మా ఊళ్లో కోడి పక్కింటి వాకిట్లో ఆరబోసిన వడ్లలో కాలు పెడితే చాలు, ఆ ఇంటి పిన్ని కొంగు బిగించి మా గుమ్మంలో నిలబడేది. అమ్మ నాలుగు మాటలు పడేది, నాలుగు అనేది, సాయంత్రానికి ఇద్దరూ కలిసి పువ్వులు కట్టుకునేవాళ్లు. గొడవ రాలేదంటే ఇబ్బంది లేదని నా లెక్క. పక్కింటి పెద్దావిడ కనబడితే నవ్వేది. గుడ్లు ఇస్తే తీసుకుని థ్యాంక్స్ చెప్పేది. వెనక అరుగు మీద కుర్చీ వేసుకుని కాఫీ తాగే అలవాటు మానేసిందని గమనించాను కానీ, వయసు మీద పడుతోందిలే అనుకున్నాను.

మరుసటి ఏడాది ఆగస్టులో ఆ ఇంటి పెద్దాయనకి మోకాలి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నడవడానికి చోటు కావాలి, మంచం కాస్త జరుపుతారా అని ఆవిడ అడిగింది. వాళ్ల పడకగది ఇంటి వెనక వైపు ఉంది. అడుగు పెట్టగానే ఉక్క. అప్పట్లో అక్కడ చాలా ఇళ్లలో ఏసీ ఉండేది కాదు. వేసవి రాత్రులు కిటికీ తెరిస్తే చల్లగాలి వస్తుంది, అదే చాలు. ఈ గది కిటికీ మూసి ఉంది. రంగులు వేసేవాళ్లు వాడే నీలం టేపు దాని చట్రం చుట్టూ నాలుగు వైపులా అతికించి ఉంది. మూలల్లో రెండేసి పొరలు. టేపు అంచుల్లో దుమ్ము పేరుకుని నల్లబడింది. నిన్నా మొన్నా వేసింది కాదు.

“కిటికీ తెరవనా?” అన్నాను.

“వద్దులెండి, ఫ్యాను ఉందిగా,” అందావిడ.

అద్దంలోంచి చూశాను. నడుమెత్తు కంచె, దాని అవతల మా గూడు. దాన్ని ఆ వైపు నుంచి చూడడం నాకదే మొదటిసారి. ఎర్రరంగు తలుపు, మా పాప బొమ్మలేసిన పలక, అన్నీ మా వంటింటి వైపు ఉన్నాయి. ఇటు కనబడేది పెంటకుప్ప, వాన కారి నల్లబడ్డ వీపు పలక, మూతి విప్పి వదిలేసిన దాణా సంచి. ఎలుకలు కొరికిన చిల్లు కూడా కనబడింది. ఏడు కోళ్లంటే రోజుకు ముప్పావు కిలో పైనే రెట్ట. సియాటిల్ వానలకి అది తడిసిందంటే అమ్మోనియా ఘాటు ముక్కులో దిగుతుంది. ఆ ఘాటు మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు.

ఎందుకు రాలేదో మంచం జరుపుతుండగా తట్టింది. మా పెరడు పొడుగు. గూడు కట్టుకోవడానికి ఇంకా నాలుగు చోట్లున్నాయి. ఆ మూలే కావాలనుకున్నది నేను. “ఇంత దూరమా? వానలో ఎలా వెళ్తామండీ?” అని మా ఆవిడ ఆ రోజే అంది. “మనకి వాసన రాదులే,” అన్నాను. ఆలోచించకుండా చేశానని చెప్పుకుంటే సులువు కానీ అది అబద్ధం. వాసన వస్తుందని తెలుసు, ఎటు పోవాలో కూడా నేనే నిర్ణయించాను. అటువైపు వాళ్లకి పది అడుగులు చాలని చట్టం చెప్పింది కదా అని మనసుకి నచ్చజెప్పుకున్నాను. పుంజు విషయంలో చట్టం మీరినందుకు వారాలపాటు మథనపడ్డవాణ్ని, చట్టానికి లోబడి చేసిన ఈ పనికి ఒక్క పూటా నొచ్చుకోలేదు.

మీరూ ఇలాంటి కొలత టేపు ఎప్పుడో ఒకప్పుడు పట్టుకునే ఉంటారు. సెట్‌బ్యాక్ వదిలాం కదా అని బోరు మోటారు పక్కింటి గోడ వైపు బిగించేదీ, ఏసీ వేడిగాలి ఎదుటివాళ్ల కిటికీలోకి కొట్టేలా పెట్టించేదీ మనమే.

సియాటిల్‌లో ఇలాంటి వాటిమీద ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆవిడ చేయలేదు. చేసి ఉన్నా, దూరం సరిపోయింది కాబట్టి గూడు కదిలేది కాదు. ఊరంతటికీ ఒకే కాగితం రాసేవాళ్లు ఏ గాలి ఎటు వీస్తుందో, ఏ గదిలో ఎవరు పడుకుంటారో రాయలేరు. అది కంచె మీదుగా ఒక్క మాట అడిగితే తెలిసేది.

సాయంత్రం వెళ్లి అడిగాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత చెప్పింది: వాసన కన్నా ఎలుకలు భయపెట్టాయట. గుడ్డు పెట్టాక కోడి చేసే కేక, పొద్దున్నే ఒకదాని తర్వాత ఒకటి, పెద్దాయన్ని నిద్ర పోనివ్వడం లేదట. “గూడు కట్టేటప్పుడు ఒక్కమాట అడుగుతారనుకున్నాం,” అంది. క్షమించమన్నాను. దానికి ఆవిడ “పర్వాలేదు” అనలేదు. అనకపోవడమే న్యాయం.

మర్నాడే గూడు విప్పడం మొదలుపెట్టాం. దాన్ని మా వంటింటి పక్కకి, మా పడకగది కిటికీ దగ్గరికి తెచ్చాం. ఎలుకలు దూరకుండా కోళ్ల జాలీ తీసేసి అరంగుళం కన్నున్న గట్టి ఇనుప జాలీ భూమిలోకి దించాను. దాణా మూతున్న రేకు డబ్బాలోకి మార్చాను. పెంట మీద ఎప్పటికప్పుడు ఎండు చెక్కపొట్టు చల్లితే ఘాటు చాలావరకు తగ్గుతుంది. ఈ పనులన్నీ మొదటి రోజు నుంచీ చేయగలిగినవే.

కిటికీ పక్కకొచ్చిన వారానికే “ఇవి ఇంత గోల చేస్తాయా?” అంది మా ఆవిడ, తలగడ చెవి మీద నొక్కుకుని. మూడింటిని స్నేహితుడి పొలానికి పంపి నాలుగు ఉంచుకున్నాం. మా ముగ్గురికీ ఆ గుడ్లు చాలు.

ఇప్పుడు కొత్తగా ఇల్లు కొన్న కుర్రాళ్లు ఫోన్ చేసి, మా ఊళ్లో ఎన్ని కోళ్లు పెంచుకోనిస్తారని అడుగుతుంటారు. ఊరు దాటితే నిబంధన మారుతుంది, మీ కాలనీ ఇంటి యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) వాళ్లు అసలు వద్దనొచ్చు, అవి ముందు చూసుకోమంటాను. గూడు ఎక్కడ కడుతున్నావని తర్వాత అడుగుతాను. ఎవరూ తడుముకోరు. “వెనక మూలనండీ, మా గదులకి దూరంగా,” అంటారు.