నల్లబల్ల క్రింది సగం

మాది ఆత్రేయపురం అనగానే ఎదుటివారు ముందుగా పూతరేకుల గురించే అడుగుతారు. అందులో వారి తప్పేమీ లేదు. బోర్లించిన కుండ మీద పలుచని బియ్యపు పిండినీళ్ళలో ముంచిన గుడ్డను ఒక్క విసురున పరచి తీసి, కాగితం కంటె పలుచని రేకును చేతికందించే విద్య మా ఊరి ఆడవారిది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని నేను ఈ రోజు చెప్పబోయేది ఆ రేకుల సంగతి కాదు, ఒక నల్లబల్ల సంగతి.

మా నాన్నగారు ఉపాధ్యాయులు. నా చిన్నతనంలో ఊరి పఠనాలయం గోడకు ఒక నల్లబల్ల ఉండేది. రేడియోలో ఉదయపు వార్తలు విని, బస్సులో వచ్చిన పత్రికలు రెండు తిరగవేసి, నాన్నగారు ఆ బల్ల మీద నాటి ముఖ్యవార్తలు వ్రాసేవారు. బల్లకు సరిగ్గా నడుమ ఒక అడ్డగీత ఉండేది. గీతకు పైన వార్తలు, క్రింద "నా మాట" అన్న శీర్షికతో రెండు మూడు వాక్యాలు, చివర వారి పొడి అక్షరాల సంతకం. చదువు రానివారికి ఎవరో ఒకరు చదివి వినిపించేవారు. ప్రతి సాయంత్రం బల్ల తుడిచే పని నాదీ, నా సహాధ్యాయి అయిన మరొక కుర్రవాడిదీ.

ఆ అడ్డగీత ఎందుకని ఒకసారి అడిగాను. "పైన ఉన్నది జరిగినది. క్రింద ఉన్నది నాకు తోచినది. రెండూ కలిపితే చదివేవాణ్ణి మోసం చేసినట్టు," అన్నారు. ఆ మాటకు విలువ నాకు అప్పుడు తెలియలేదు.

1984 జనవరిలో నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. తరతరాలుగా కొన్ని కుటుంబాలలోనే నడచిన కరణీకాలు, మునసబు గిరీలు ఒక్క కలంపోటుతో పోయినవి. మా పెద్ద మేనమామ పొరుగూరి కరణం. నాన్నగారు ఏమి వ్రాస్తారోనని ఊరంతా చూసింది. మా అమ్మ మరీ చూసింది. మరునాడు గీత క్రింద ఇలా ఉంది: "ఊరి భూమి లెక్క ఒక ఇంటి ఆస్తిగా ఉండరాదు. రద్దు మంచిదే. అయితే ఆ లెక్కలు ఇకమీదట ఎవరి చేతికి పోతాయో ప్రజలు అడిగి తెలుసుకోవాలి."

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజున, "లోకం సంగతి మీ ఇష్టం వచ్చినట్టు వ్రాసుకోండి. మా అన్నయ్య సంగతి కూడా మీరే వ్రాయాలా?" అన్నది.

"మీ అన్నయ్య సంగతి వదిలిపెడితే రేపు మరొకరి అన్నయ్య సంగతి వ్రాసే అర్హత నాకెక్కడిది?" అన్నారు నాన్నగారు. ఆ సంక్రాంతికి మామయ్య మా గడప తొక్కలేదు.

అదే ఏడాది ఆగస్టు 16న రామారావు గారిని గవర్నరు పదవి నుంచి తొలగించి, నాదెండ్ల భాస్కరరావు గారిని ముఖ్యమంత్రిని చేశారు. తన కరణీకం పోగొట్టిన ప్రభుత్వం కూలినందుకు మామయ్య సంతోషించే ఉంటాడు. నాన్నగారు మాత్రం "శాసనసభలో ఎవరికి బలమున్నదో తేల్చవలసినది శాసనసభ. రాజభవనం కాదు," అని వ్రాశారు. సెప్టెంబరు 16న రామారావు గారు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తరువాత ఒకనాడు మామయ్య వచ్చి, వీధి అరుగు మీద కూర్చుని, "బావగారూ, మీరు ఎవరి మనిషో ఏడాదిగా తేల్చుకోలేకపోతున్నాను. ఇక మానుకున్నాను. కాస్త మజ్జిగ ఇప్పించండి," అన్నాడు. మా ఇంట్లో ఆ మాటను ఇప్పటికీ తలచుకుంటాము.

నాన్నగారికి తప్పులు రాలేదని కాదు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మా ప్రాంతం మరువలేదు. భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరద అది. ఆ రోజులలో ఎవరో చెప్పగా విని, ఒక లంకకు సహాయపు పడవ పోనేలేదని గీతకు పైన, వార్తగా వ్రాశారు. మరునాడు ఆ లంక మనిషే వచ్చి, పడవ వచ్చిందనీ, ఆలస్యంగా వచ్చిందనీ చెప్పాడు. నాన్నగారు బల్ల మొత్తం తుడిపించి, అన్నిటికంటె పైన పెద్ద అక్షరాలతో "నిన్నటి నా వార్త తప్పు. పడవ వచ్చినది" అని వ్రాసి, ఆ తరువాతనే మిగిలిన వార్తలకు దిగారు.

ఇదంతా మా నాన్నగారు కనిపెట్టిన సంప్రదాయం కాదు. మా బొబ్బర్లంక దగ్గర ఆనకట్ట దాటితే ధవళేశ్వరం. అక్కడ బడిపంతులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం గారు 1874లో "వివేకవర్ధని" ప్రారంభించారు. మొదట మద్రాసులో అచ్చు వేయించి, తరువాత రాజమండ్రిలో సొంత ముద్రాక్షరశాల పెట్టుకుని నడిపారు. న్యాయస్థానాలలోని లంచగొండితనాన్ని దులిపివేసిన ఆ కలం, తన వర్ణం వారి ఆచారాలను అంతకంటె తీవ్రంగా దులిపింది. నాకు గొప్పగా తోచేది ఆ రెండవదే. దూరాన ఉన్న అధికారిని తిట్టడానికి ధైర్యం కావాలి, నిజమే. కాని సాయంత్రం మనతో పంక్తిలో కూర్చునేవారిని కాదనడానికి వేరే ధైర్యం కావాలి.

నాన్నగారు నార్ల వెంకటేశ్వరరావు గారి సంపాదకీయాలకు వీరాభిమాని. 1942 నుంచి 1959 వరకు "ఆంధ్రప్రభ"కు, 1960 నుంచి "ఆంధ్రజ్యోతి"కి ఆయన సంపాదకులు. అయినా, "రాజ్యసభలో కూర్చుంటూ రాజ్యం గురించి వ్రాయడం ఎంత కష్టమో!" అని నాన్నగారే అంటూ ఉండేవారు. అభిమానించినవారిని కూడా ప్రశ్నించడం వారికి అలవాటు.

ఇంతవరకు ఇతరుల గొప్ప చెప్పుకున్నాను. ఇక నా సంగతి.

నాన్నగారు పోయిన తరువాత నేనూ ప్రతిరోజూ వర్తమాన విషయాల మీద నాలుగు మాటలు వ్రాయడం అలవాటు చేసుకున్నాను. బల్ల ఇప్పుడు లేదు. పఠనాలయానికి వెళ్ళేవారూ తగ్గిపోయారు. నేను ఏ పార్టీకీ చెందనివాడినని చెప్పుకునేవాడిని, అందుకు లోలోపల కొంత గర్వించేవాడిని కూడా.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మా మండలం అందులోకి వచ్చింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రతిపాదించి, అభ్యంతరాలు తెలుపుకొమ్మన్నది. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారింది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగులబెట్టారు. జిల్లాలో అంతర్జాలాన్ని నిలిపివేశారు.

ఆ రాత్రి నేను కాగితం మీద వ్రాసుకున్నాను. "రాజ్యాంగ నిర్మాత పేరు తగిలితే కోనసీమకు తరిగేదేమీ లేదు. జిల్లా పుట్టిననాడే పెట్టవలసిన పేరును నెలన్నర తరువాత పెట్టబూనడం ప్రభుత్వం చేసిన పొరపాటు. నచ్చనివారికి అభ్యంతరపత్రం ఇచ్చే హక్కున్నది, ఇల్లు కాల్చే హక్కు లేదు." అంతే. మూడు వాక్యాలు.

కొన్నాళ్ళకు అంతర్జాలం మా ఊరికి తిరిగి వచ్చింది. నా మూడు వాక్యాలు మాత్రం కాగితం మీదనే ఉండిపోయాయి. చుట్టాలలో ఒక పెళ్ళి ఉన్నది. "మనవాళ్ళు" ఏమనుకుంటారోనన్న జంకు ఉన్నది. సద్దుమణిగిన తరువాత వ్రాయవచ్చునన్న సాకు కూడా దొరికింది. ఆ వారంలో నేను శ్రీలంక ఆర్థిక సంక్షోభం మీద, రాజపక్స కుటుంబ పాలన మీద నాలుగు పుటలు వ్రాశాను. కొలంబో వారెవరూ మా వీధిలో ఎదురుపడరు గదా!

నాతో కలిసి బల్ల తుడిచిన కుర్రవాడు మా ఊరి పేటవాడు. ఇప్పుడు అతనూ ఉపాధ్యాయుడే. నెల రోజుల తరువాత లొల్ల లాకుల దగ్గర కనిపించాడు. కాలువ గట్టున కాసేపు నిలబడ్డాము. పిల్లల చదువులు, వానలు, కీళ్ళనొప్పులు, అన్నీ మాట్లాడుకున్నాము. వెళ్ళబోతూ, "శ్రీలంక గురించి బాగా రాశావురా," అన్నాడు. వెక్కిరింత లేదు, కోపం లేదు. మామూలుగానే అన్నాడు. బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ జిల్లా పేరు ఆ ఏడాదే ఖరారయింది. ఇప్పుడు ఈ మూడు వాక్యాలు ప్రకటించినందువలన ఎవరికీ ఒరిగేది లేదు, నాకు వచ్చే కష్టమూ లేదు. వాటికి విలువ ఉన్నది ఆ వారంలోనే. దినవ్యాఖ్య అన్నది పూతరేకు వంటిది కాదు, డబ్బాలో దాచి తరువాత పంచుకోవడానికి. ఆ పూట చెప్పవలసిన మాట ఆ పూటే చెప్పాలి. స్వతంత్రత అంటే రెండు పార్టీలనూ సమానంగా తిట్టడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది తూకం పని, ఎవరైనా చేయగలరు. మామయ్య సంక్రాంతికి రాకపోయినా సరేనని నాన్నగారు సుద్దముక్క పట్టుకున్నారే, అది స్వతంత్రత.

తప్పు వ్రాసిననాడు బల్ల పైభాగాన ఆ సంగతే ముందు వ్రాయాలన్నది వారి నియమం. వ్రాయకపోవడం కూడా తప్పేనని ఆ నియమంలో లేదు. దానిని నేను చేరుస్తున్నాను: ఆనాటి నా మౌనం తప్పు.

దీనిని ముందుగా నా మిత్రునికి చూపించాను. చదివి, "గీత ఎక్కడ గీశావు?" అన్నాడు. గీత పైన ఏముందో, క్రింద ఏముందో మీరే చూసి చెప్పండి. మీ ఊళ్ళలోనూ ఇటువంటి బల్లలు ఉండేవేమో, వాటి మీద వ్రాసిన చేతులను మీరెవరైనా ఎరుగుదురేమో, అదీ చెప్పండి.