సినిమాలో నాన్న తిరిగొచ్చాడు

ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1905లో రాసిన 'ఎ లిటిల్ ప్రిన్సెస్' మీ పిల్లలు చదివారా? లండన్‌లో ఖరీదైన బోర్డింగ్ స్కూలు. సారా పుట్టినరోజు నాడే, ఇండియాలో తండ్రి పోయాడనీ, డబ్బంతా పోయిందనీ కబురొస్తుంది. ఆ రాత్రి నుంచే ఆ పిల్ల అటక గదిలో పనిమనిషి.

1939లో హాలీవుడ్ దీన్ని షిర్లీ టెంపుల్‌తో రంగుల్లో తీసింది. అందులో తండ్రి చనిపోడు. బోయర్ యుద్ధంలో గాయపడి, గతం మరిచి ఆసుపత్రిలో ఉంటాడు. సారా వెతికి పట్టుకుంటుంది.

మొన్న ఆదివారం మా పదేళ్ల పాపతో కలిసి చూశాను. వాళ్ల నాన్న పోయి రెండేళ్లు. ఆ ఆసుపత్రి సీను గురించే నా భయమంతా. పాప మాత్రం అటక గది దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, నా ఫీజు కట్టేశావా?"

రెండేళ్లుగా ఈ ప్రశ్న మోస్తోందని నాకు తెలీనే తెలీదు. సినిమా ఆపి, ఫోన్‌లో రసీదు చూపించాను. తేదీతో సహా చదువుకుంది. వచ్చే టర్మ్‌కి ఎలా కడతానో కూడా చెప్పాను.

మీరూ చూడండి, పిల్లల పక్కన కూర్చుని.

"పుస్తకంలో నాన్న రాడు కదా," అంది చివర్లో. "ఆ సీను ఇంకోసారి పెట్టమ్మా."