ఆగి ఆగి మాట్లాడిన అబ్బా

ఆపా నికాహ్ 1997లో జరిగింది, కర్నూలులో. ఆ షాదీ క్యాసెట్ అమ్మీ సందూక్‌లో పాత షేర్వానీ మడతల మధ్య ఇరవై ఏళ్లకు పైగా పడి ఉంది. మూడు గంటల వీడియోలో మర్హూమ్ అబ్బా మాట్లాడేది నాలుగు నిమిషాలు కూడా ఉండదు. రుఖ్సతీ ముందు ఆపా తల మీద చెయ్యి పెట్టి ఏదో చెప్తాడు. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా లేదు. సెల్‌ఫోన్లు మా ఇంటికి రాకముందే వెళ్లిపోయాడు.

పోయినేడు ఒక స్టూడియోలో ఇస్తే క్యాసెట్‌ని ఫైలుగా మార్చి ఇచ్చారు. "హెచ్‌డీ చేసేశాం సార్" అన్నాడు కుర్రాడు గర్వంగా. వీహెచ్‌ఎస్‌లో లేని మెరుపు హెచ్‌డీలో ఎక్కడినుంచొస్తుంది? బొమ్మను లాగి 1080 గీతలకు సాగదీశాడంతే, సెకనుకు 50 ఫ్రేములు పెట్టి. సరే, అబ్బా కనిపిస్తున్నాడు, షుక్ర్ అనుకున్నాను.

ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉంది. రెండు కోర్ల ప్రాసెసర్, కీబోర్డులో సగం మీటలు పనిచేయవు. దాని మీద జెల్లీఫిన్ వేశాను. 2018లో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చిన ఉచిత మీడియా సర్వర్ ఇది. ఖాందాన్ ఫొటోలు, వీడియోలన్నీ దానిలో పడేస్తే హాల్లో టీవీ మీద, పిల్లల ఫోన్ల మీద చూసుకోవచ్చు. అమ్మీ జొహర్ నమాజ్ అయ్యాక రోజూ పెట్టించుకుని చూసేది. ఏ ఆటంకమూ లేదు.

తకలీఫ్ ఎక్కడొచ్చిందంటే, నా బేటీ దగ్గర. పదమూడేళ్లది, ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో మేము మాట్లాడే దక్కనీ అర్థమవుతుంది గానీ అబ్బా మాట్లాడింది పాత కర్నూలు జబాన్, పైగా ఏడుపు గొంతు, వెనక బ్యాండు మోత. "దాదా క్యా బోల్రై అబ్బూ?" అని అడుగుతుంది ప్రతిసారీ. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా తెలుగు పత్రికల్లో పనిచేస్తున్నవాణ్ణి. దాదా మాటల్ని మనవరాలికి చేర్చలేకపోతే ఈ రెండు చదువులూ దేనికి? సబ్‌టైటిల్స్ చేద్దామని కూర్చున్నాను. నాలుగు నిమిషాలకు రెండు రాత్రులు పట్టింది. పైన ఉర్దూ, కింద తెలుగు. ఉర్దూకి జమీల్ నూరీ నస్తాలీఖ్ ఫాంటు, కాస్త బంగారు రంగు. ఏజిసబ్‌లో చేసి ఏఎస్ఎస్ అనే రకం ఫైలుగా దాచాను. ఫాంటూ రంగూ నిలిచేది ఆ రకంలోనే.

బాసీ ఈద్ సాయంత్రం అందరూ వచ్చారు. ఆపా, దూలాభాయ్, భాంజా, వాళ్ల పిల్లలు. షీర్‌ఖుర్మా గిన్నెలు చేతిలో పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. సబ్‌టైటిల్స్ ఆన్ చేశాను. అబ్బా చెయ్యి ఎత్తాడు. ఆగిపోయాడు. టీవీ మధ్యలో గుండ్రంగా తిరుగుతోంది. ఒక మాట అన్నాడు, మళ్లీ ఆగిపోయాడు. చెయ్యి గాల్లో ఉంది, ఆపా తల దాకా రాదు. నాలుగు నిమిషాలు పావుగంటైనా అవలేదు. ఆపా దుపట్టా అంచుతో కళ్లొత్తుకుని లేచి వంటింట్లోకి పోయింది. అమ్మీ మాత్రం, "క్యాసెట్ ఘిస్ గయా హోంగా, రోజూ నేనే చూసి అరగదీశాను" అంది. ఆ మాటకు నాకు సిగ్గేసింది. ఫైలు అరగదు అమ్మీ అని చెప్పినా నమ్మలేదు. ఆ మర్నాటి నుంచి చూడటమే మానేసింది.

అప్పట్నుంచి నా తిప్పలు. మొదట ఇంటర్నెట్ వాణ్ణి పిలిచాను. అతను స్పీడు కొలిచి చూపించి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. తప్పు నాదే. ఇంట్లో సర్వర్ నుంచి ఇంట్లో టీవీకి పోయే వీడియో గడప దాటి బయటకు పోదు, బయటి లైను తీసేసినా ఆడుతుంది. తర్వాత వైఫై మీద షక్ వచ్చింది. మధ్యాహ్నం అమ్మీ చూసేటప్పుడు బాగుంది, సాయంత్రం అందరి ఫోన్లూ ఉన్నప్పుడు ఆగింది, కాబట్టి గాలిలో రద్దీ అనుకున్నాను. రూటర్ జరిపాను. చివరికి పదిహేను మీటర్ల లాన్ కేబుల్ కొని గోడ వెంబడి మేకులు కొట్టి టీవీ దాకా లాగాను. మా ఆవిడ ఆ వైరు కింద ఊడ్చలేక నన్ను తిట్టని రోజు లేదు. ఫలితం సున్నా.

ఒక రాత్రి ఇషా తర్వాత వీడియో నడుస్తుండగా సర్వర్ డాష్‌బోర్డు తెరిచి చూశాను. ఈ పని మొదటి రోజే చేసుండాల్సింది. వీడియో పేరు కింద 'ట్రాన్స్‌కోడింగ్' అని ఉంది, కారణం కూడా రాసుంది: ఈ సబ్‌టైటిల్ రకం టీవీకి చేతకాదు. సబ్‌టైటిల్స్ ఆపి మళ్లీ పెట్టాను. 'డైరెక్ట్ ప్లే' అని మారింది, అబ్బా గడగడా మాట్లాడాడు. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ తేడా వైఫై కాదు. అమ్మీకి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు, పిల్లలకు కావాలి. అంతే!

డైరెక్ట్ ప్లే అంటే ఉన్న ఫైలుని ఉన్నట్టే టీవీకి అందించడం. సర్వర్‌కి కష్టమేమీ లేదు, ఖత్ అందించే డాకియా పని. ట్రాన్స్‌కోడింగ్ అంటే దుభాషీ పని. నా ఏఎస్ఎస్ ఫైలుని టీవీ గీయలేదు కాబట్టి సర్వరే ప్రతి ఫ్రేమునూ విప్పి, దాని మీద నా బంగారు నస్తాలీఖ్ అక్షరాలు అచ్చు గుద్ది, మళ్లీ కట్టి పంపుతోంది. సెకనుకు 50 ఫ్రేములు కావాలి, మా ముసలి లాప్‌టాప్ చేయగలిగింది ఇరవైకి అటూ ఇటూ. మిగతావాటి కోసం టీవీ ఇంతిజార్. ప్రెస్‌మీట్లలో ఉర్దూ లీడర్ల పక్కన నిలబడి తెలుగు చెప్పినవాణ్ణి నేను, వాళ్లు ఆగకుండా మాట్లాడితే దుభాషీ గతేమిటో నాకు బాగా తెలుసు. ఆ లాప్‌టాప్ మీద జాలేసింది.

జిద్దాలో ఉన్న ఖాలాజాద్ భాయ్ ఫోన్లో, "క్విక్‌సింక్ ఉన్న కొత్త మినీ పీసీ కొను" అన్నాడు. సలహా మంచిదే. ఆ హార్డ్‌వేర్ ఉంటే ఈ బరువు ప్రాసెసర్ మీద పడదు. బ్లూరే సినిమాల్లో సబ్‌టైటిల్స్ అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉంటాయి, అక్కడా ఇదే గొడవ. అలాంటి సినిమాలు చాలా ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. నాకు కావాల్సింది నాలుగు నిమిషాలు.

ఏఎస్ఎస్‌ని ఎస్ఆర్‌టీగా మార్చాను. ఎస్ఆర్‌టీ అంటే వట్టి మాటలు, వట్టి టైములు. టీవీయే వాటిని రాసుకుంటుంది, సర్వర్ జోక్యం ఉండదు. కానీ నస్తాలీఖ్ పోయింది. టీవీ దగ్గరున్న ఫాంటులో ఉర్దూ నస్ఖ్‌లా బిగుసుకుపోయి, కింద తెలుగుతో కలిస్తే చుక్కలూ కామాలూ ఎటో పోయాయి. రెండింటినీ విడదీయక తప్పలేదు. ఒకటి ఉర్దూ ఫైలు, ఒకటి తెలుగు ఫైలు. వీడియో పేరే పెట్టి చివర భాష గుర్తు పెడితే జెల్లీఫిన్ వాటిని పోల్చుకుంటుంది. రిమోట్‌తో ఏదో ఒకటి ఎంచుకోవాలి. రెండు రస్మ్‌ల్‌ఖత్‌లూ ఒకే తెర మీద పక్కపక్కన ఉండాలన్న నా షోఖ్ అలా పోయింది. బాధగానే ఉంది, ఇప్పటికీ.

జుమా రోజు ఆపా వచ్చింది. అమ్మీని బతిమాలి కూర్చోబెట్టాం. బేటీ రిమోట్ తీసుకుని తెలుగు ఎంచుకుంది. అబ్బా చెయ్యి ఎత్తాడు, ఆపా తల మీద పెట్టాడు. ఎక్కడా ఆగలేదు. "రో నక్కో బేటా, ఘర్ దూర్ నై" అన్నాడు. కింద నా అక్షరాలు: 'ఏడవకు తల్లీ, ఇల్లు దూరం కాదు.'

"అబ్బూ, దాదా 'నక్కో' అన్నాక ఆలస్యంగా పడుతోంది లైను" అంది బేటీ.

ఆపా ఏడుస్తూనే నవ్వింది. అమ్మీ తల తిప్పకుండా, "ఫిర్ సే లగావ్" అంది. నేను ఆ లైనుని అర సెకను ముందుకు జరపడానికి లాప్‌టాప్ దగ్గరికి వెళ్లాను.