ఆ బెలూన్లో ఉన్నది ఏ గ్యాసు?



ఈ నెల మీకు ఒక తప్పు గురించి రాస్తున్నాను. పిల్లలది కాదు, నాదే.

మా ఆత్మకూరు బ్రాంచిలో ఏడో తరగతికి డిజిటల్ క్లాసు శుక్రవారం మధ్యాహ్నం ఉంటుంది. అన్నం తిన్నాక వచ్చే పీరియడ్, బోర్డు మీద ఏం రాసినా సగంమందికి కళ్ళు మూతలు పడతాయి. అందుకే ఆ పూట వీడియో పెడతాను. ఆ రోజు పెట్టింది హీలియం గురించి, ఆరు నిమిషాలది. ఒక ఎర్ర బెలూను నేల మీద నుంచి లేచి, మబ్బులు దాటి, చంద్రుణ్ణి పలకరించి, గురుగ్రహం మబ్బుల మీద తేలుతూ పోతుంది. చివర్లో ఒకాయన బెలూన్లోని గ్యాసు పీల్చి కీచుగొంతుతో మాట్లాడతాడు. క్లాసంతా ఒకటే నవ్వు. "తిరునాళ్ళలో అమ్మే గ్యాసు బెలూన్లలో ఉండేది ఇదే" అని చెప్పి, అయిదు ప్రశ్నల క్విజ్ పెట్టాను. అందరికీ అయిదుకి అయిదు. మీ ఫోన్లకు మెసేజ్ కూడా వచ్చే ఉంటుంది.

బెల్లు కొట్టాక ఒక పాప నా దగ్గరకు వచ్చింది. ఉదయగిరి దగ్గర పల్లె వాళ్ళది, హాస్టల్లో ఉంటుంది. "మా మామ బెలూన్లు అమ్ముతాడు మేడమ్. గ్యాసు కొనడు, తనే చేసుకుంటాడు. సిలిండర్లో సోడా, అల్యూమినియం ముక్కలు, నీళ్ళు పోస్తాడు. అది హీలియమేనా?"

నాకు నోట మాట రాలేదు. కాస్టిక్ సోడా, అల్యూమినియం, నీళ్ళు కలిస్తే పుట్టేది హైడ్రోజన్. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. హీలియం అంటుకోదు, పైగా దాన్ని అలా ఏవో కలిపి తయారు చేయడం కుదరదు. భూమి లోపల యురేనియం, థోరియం లాంటివి కోట్ల ఏళ్ళుగా క్షీణిస్తుంటే పుట్టి, సహజవాయువుతో పాటు బయటికొస్తుంది. ఇదంతా నేను డిగ్రీలో చదివిందే. పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. తిరునాళ్ళలో బెలూను దారం చేతిలో పట్టుకున్నప్పుడు మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

పాప ఇంకో మాట చెప్పింది. వెనక బెంచీ అబ్బాయిలిద్దరు ఏఎస్‌పేట గంధానికి పోయినప్పుడు గ్యాసు బెలూన్లు కొని, వీడియోలో ఆయన లాగా పీల్చి చూద్దామని అనుకుంటున్నారట. పరుగున వెళ్ళి ఇద్దరినీ బస్సు ఎక్కకముందే పట్టుకున్నాను. పోయినేడు చిల్డ్రన్స్ డేకి ఇలాంటి బెలూన్లే ఇరవై తెప్పించి, జ్యోతి వెలిగించే బల్ల పక్కనే కట్టించింది నేనే. ఆ రోజు ఏమీ కాలేదు. కాలేదు, అంతే. అది తలచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు మొదటి పీరియడ్లో ముందు నా తప్పు చెప్పాను. తర్వాత అదే వీడియో మళ్ళీ పెట్టి, ఎర్ర బెలూను ఆగిన చోటల్లా ఆపాను. చంద్రుడి మీద గాలే లేదు, మరి బెలూను దేని మీద తేలుతుంది? కింద పడుతుంది. గురుగ్రహం మీద ఉన్నది ఎక్కువగా హైడ్రోజన్. అది హీలియం కంటే తేలిక, కాబట్టి అక్కడ హీలియం బెలూను మునిగిపోతుంది. శుక్రుడి మీద ఉన్నది దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువు, బరువైనది. అక్కడైతే మనం పీల్చే మామూలు గాలి నింపినా బెలూను లేస్తుంది. 1985లో సోవియట్ వాళ్ళు వేగా నౌకలతో రెండు హీలియం బెలూన్లను శుక్రుడి మబ్బుల్లోకి వదిలారు, అవి ఒక్కొక్కటీ సుమారు రెండు రోజులు ఎగురుతూ సమాచారం పంపాయి. ఆరు నిమిషాల వీడియోకి రెండు పీరియడ్లు పట్టింది. సిలబస్ కొంచెం వెనకబడింది, ఆ మాటా మీకు ముందే చెప్పేస్తున్నాను.

ఆ వీడియోలో లేనిది మన గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్‌సన్ మచిలీపట్నంలో పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును పట్టకంతో విడదీస్తే మెరిసే గీతలు కనిపించాయి. అందులో ఒకటి పసుపుపచ్చది. సోడియం గీత ఉండేది కూడా ఆ పక్కనే, అందుకని చాలామంది దాన్ని సోడియమే అనుకున్నారు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ చూసి, గీత చోటు కొంచెం పక్కకి ఉందని తేల్చాడు. సూర్యుడికి గ్రీకు మాట హీలియోస్, అందుకే హీలియం అన్నారు. భూమ్మీద అది రామ్సే చేతికి చిక్కింది 1895లో. గుంటూరు పేరు వినగానే క్లాసులో ఒకడు "మా పెద్దమ్మ వాళ్ళ ఊరు మేడమ్!" అని అరిచాడు. ఆ పాఠం వాడు ఇక మరచిపోడనుకుంటాను.

ఇప్పుడు మీతో రెండు మాటలు. పుట్టినరోజుకి గ్యాసు బెలూన్లు తెస్తే, లోపల ఉన్నది ఏమిటని అమ్మేవాణ్ణి అడగండి. జవాబు ఏదైనా సరే, కేకు మీది కొవ్వొత్తులకి, వంటగదికి దూరంగా ఉంచండి. నిజమైన హీలియమే అయినా పిల్లల్ని పీల్చనివ్వద్దు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఉండాల్సిన చోటు అది ఆక్రమిస్తే మనిషి స్పృహ తప్పుతాడు, ప్రాణమే పోవచ్చు. అలాంటి వీడియోలు మీ ఫోన్లలోనూ వస్తుంటాయి, పిల్లలు చూస్తున్నప్పుడు పక్కన ఎవరైనా ఉంటే మేలు. ఇంకో సంగతి, ఆస్పత్రిలో ఎంఆర్ఐ యంత్రాన్ని చల్లగా ఉంచేది, శ్రీహరికోట రాకెట్లలో ఇంధనాన్ని ట్యాంకుల నుంచి నెట్టేది కూడా హీలియమే. ఒకసారి గాలిలో కలిస్తే అది మెల్లగా పైకి పోయి భూమినే వదిలిపోతుంది. మన దేశం దాన్ని బయటి నుంచి కొనుక్కుంటోంది.

ఆదివారం పాప తన మామతో ఫోన్లో మాట్లాడించింది. అది మండుతుందని ఆయనకు ఎప్పుడో తెలుసు. "గ్యాసు పట్టే రోజు బీడీ ముట్టను మేడమ్" అన్నాడు. బీడీ లేకపోయినా ఆ పాత సిలిండరే పేలవచ్చని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ హీలియం ఎంతకి దొరుకుద్ది?" అని అడిగాడు. నెల్లూరులో కనుక్కుని చెప్పాను. ఆయన బెలూను అమ్మే రేటుకి అది గిట్టదు. ఇప్పుడు పంపుతో కొట్టిన మామూలు బెలూన్లూ, గాలిమరలూ కూడా బండి మీద పెడుతున్నాడట. గ్యాసువి మానేశాడా అని అడిగితే పాప తల దించుకుంది.

— సైన్స్ టీచర్, ఏడో తరగతి, ఆత్మకూరు