మా నలుగురి జ్యూరీ

దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత మాదే రెండో స్థానమని చిన్నప్పుడు బడిలో చెప్పేవారు. అనంతపురానికి అప్పట్లో మాకు తెలిసిన ర్యాంకు అదొక్కటే! అందుకేనేమో, పేపర్లో నంది అవార్డుల జాబితా వచ్చిందంటే చాలు... దానిమీద పడిపోయేవాళ్లం. ఒకడు పైకి చదవాలి. మిగతావాళ్లు ఒప్పుకోవాలి, లేదా కొట్టుకోవాలి.

అలా తయారైంది మా జ్యూరీ. సభ్యులు నలుగురు. ఒకడు నందమూరి, ఒకడు మెగా. మూడోవాడిది తాడిపత్రి, ఇప్పుడు స్కూలు టీచరు. అతని దృష్టిలో సినిమా చరిత్ర వాళ్ల ఊళ్లో 1912లో కె.వి.రెడ్డి పుట్టడంతో మొదలై, 'మాయాబజార్'తో ముగిసిపోయింది. ఇక నేను తటస్థం. అంటే అందరిచేతా తిట్లు తినేవాణ్ని అన్నమాట.

2017లో మూడేళ్ల నందులు ఒకేసారి ప్రకటించారు. దానిమీద రేగిన దుమారం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు సినిమా నందుల ఊసే లేదు. అంతకుముందే మా జ్యూరీ కూడా చీలింది. ఓ సినిమా రిలీజుకి కట్టిన ఫ్లెక్సీ రాత్రికి రాత్రి చిరిగింది. చింపింది నువ్వంటే నువ్వని ఇద్దరు అభిమానులూ మాటలు మానేశారు. ఈలోగా నందమూరి అభిమానికి వరసగా చెనక్కాయ పంట పోయింది, బోర్లు ఎండాయి. భార్యాపిల్లలతో బెంగళూరు వెళ్లి క్యాబ్ నడుపుకోవడం మొదలెట్టాడు. బస్సెక్కించడానికి టీచరూ నేనూ వెళ్లాం. రెండోవాడు రాలేదు. ఆ రోజు అతనిమీద నాకు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు.

2022 మార్చి 25న 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. ఒకే తెరమీద ఎన్టీఆర్, రామ్‌చరణ్! ఇద్దరూ మొదటిరోజే చూశారు, వేర్వేరు ఊళ్లలో. నాకు విడివిడిగా ఫోన్ చేసి ఒకే మాట అన్నారు. "మావోడే బాగా చేసినాడు!"

2023 జనవరిలో 'నాటు నాటు'కి గోల్డెన్ గ్లోబ్ రాగానే టీచరు 'జ్యూరీ' పేరుతో వాట్సాప్ గ్రూపు పెట్టి, ఎవర్నీ అడక్కుండా అందర్నీ చేర్చేశాడు. రెండ్రోజులు ఎవరూ నోరెత్తలేదు. మూడోరోజు బెంగళూరు నుంచి ఒక్క ముక్క. "ఆస్కార్ నామినేషన్లు ఎప్పుడప్పా?" నేను టైపు చేసేలోపే మెగా అభిమాని జవాబిచ్చేశాడు. "24న."

ఏళ్ల తర్వాత వాళ్లిద్దరి మధ్యా నడిచిన మొదటి సంభాషణ అది!

ఇక మార్చిదాకా గ్రూపులో నిద్రల్లేవు. దేశం తరఫున గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'ని ఎందుకు పంపారన్నది ఒక వారం నడిచింది. ఆ పాటకి బహుమతి వస్తే కీరవాణికీ చంద్రబోస్‌కీ వస్తుంది. బాగానే ఉంది. మరి స్టెప్పులు కట్టిన ప్రేమ్ రక్షిత్‌కో? ఆస్కార్‌లో నృత్యానికి విభాగమే లేదు. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. లోకమంతా అనుకరించింది ఆ స్టెప్పునే కదా! 2028 వేడుక నుంచి స్టంట్లకి కూడా ఆస్కార్ ఇస్తామన్నారు. డాన్సుకెప్పుడో మరి.

మార్చి 13, సోమవారం. మనకి తెల్లవారుజామున అయిదున్నరకి మొదలు. సరిగ్గా ఆ రోజే మా పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ పోలింగ్. టీచరుకి డ్యూటీ పడి ముందురోజే వెళ్లిపోయాడు. గ్రూపు పెట్టినవాడే లేడు! మెగా అభిమాని మా ఇంట్లో టీవీ ముందు. బెంగళూరువాడు ఎయిర్‌పోర్టు దగ్గర ప్రయాణికుల్ని దించి, బండి పక్కన ఆపుకొని ఫోన్లో చూస్తున్నాడు. నా ఫోన్లో స్పీకర్ ఆన్.

వేదికమీద పాట మొదలైంది. పాడింది మన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవే. ముందుండి ఆడిన ఇద్దరు డాన్సర్లు మాత్రం మనవాళ్లు కాదు. జొన్నరొట్టె, మిరపతొక్కు ఉన్న పాట మరి! మా ఇళ్లలో అదే రొట్టెకి చెనక్కాయల ఊరిబిండి నంజుకుంటాం. "జొన్నరొట్టె తిన్నోళ్లు దొరకల్యాప్పా వాళ్లకి?" ఫోన్లోంచి వినిపించింది. అమెరికాలోని మనవాళ్లు కూడా దీన్ని తప్పుబట్టారని తర్వాత చదివాను.

ఎనిమిది దాటాక పేరు చదివారు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మేం అరవలేదు. అవతల ఫోన్లో చప్పుడు లేదు. మెగా అభిమాని నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"రేయ్, ఉండావా?"

"ఉండా."

"టిఫిను తిన్న్యావా?"

"ల్యా. ఇంగా తినాల."

ఫ్లెక్సీ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

2024 మార్చి 11న పోటీలో మన తెలుగు సినిమా ఒక్కటీ లేదు. అయినా తెల్లవారుజామున నాలుగున్నరకి గ్రూపు కాల్ మోగింది. 'ఓపెన్‌హైమర్'కీ మాకూ ఏం సంబంధం చెప్పండి? నిద్రమొహాలతో చూస్తుంటే, స్టంట్ కళాకారులకు నివాళిగా వేసిన దృశ్యాల్లో 'ఆర్ఆర్ఆర్' తునక ఒకటి తళుక్కుమంది. అంతే!

"మావోడే!"

"కాదురా, మావోడు!"

టీచరు ఫోన్ మ్యూట్‌లో పెట్టుకున్నాడు.